చిన్న కెమెరాకు పెద్ద షరతులు
నోట్లోకీ ఒంట్లోకీ వెళ్ళే పరికరాల లెన్సులకు పూతను ఎలా నిర్ణయించాలి?

కళ్ళజోళ్ళ దుకాణంలో రెండు రకాల అద్దాలు పక్కపక్కన పెట్టి చూపిస్తారు. మామూలు అద్దంలో పైనున్న ట్యూబులైటు తెల్లగా, స్పష్టంగా ప్రతిబింబిస్తుంది. యాంటీ గ్లేర్ అద్దంలో అదే ట్యూబులైటు మసకగా, ఆకుపచ్చ ఛాయతో కనిపిస్తుంది. రెండో అద్దానికి అదనంగా ఉన్నది ఒక పూత మాత్రమే. ఏ వస్తువు మీదైనా రంగో వార్నిషో పూస్తే దాని గుండా వచ్చే వెలుగు తగ్గుతుందని మన అనుభవం. ఈ పూత వేసిన అద్దంలోంచి మాత్రం వెలుగు ఎక్కువ వస్తుంది. అద్దానికి ఒక పొర కలిపితే అది ఇంకా తేటగా ఎలా మారుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే దాని వెనకే మరో సంగతి బయటపడుతుంది. దంతవైద్యులు నోట్లో తిప్పి పళ్ళ ఆకారాన్ని కంప్యూటరు తెరమీదికి తెచ్చే స్కానరు, కడుపులోకి పంపే ఎండోస్కోపు, పుచ్చును తొలిదశలోనే పట్టుకునే చిన్న కెమెరా, ఇవన్నీ ఇలాంటి పూతల మీద ఆధారపడినవే. పరికరం నమూనా అంతా సిద్ధమయ్యాక, చివర్లో ఏదో ఒక కేటలాగు తెరిచి, అందులో తక్కువ శాతం పరావర్తనం చూపించే పూతను ఎంచుకోవడం చాలా చోట్ల జరిగే పని. అది తలకిందుల పద్ధతి. పూత మంచిదా కాదా అన్నది పూత ఒక్కదాన్ని చూసి తేలేది కాదు. ఏ వెలుగు, ఏ కోణంలో, ఎలాంటి తడిలో, ఎంత చిన్న ముఖం మీద పడుతుందో చెబితేనే తేలుతుంది. పరికరం చిన్నదయ్యేకొద్దీ ఈ షరతులన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. కాబట్టి పూత గురించిన నిర్ణయం పరికరం పనిచేసే చోటు నుంచి, నమూనా గీసే మొదటి రోజునే మొదలవ్వాలి.

పొర వేస్తే వెలుగెందుకు పెరుగుతుంది?

గాలిలోంచి గాజులోకి ప్రవేశించే వెలుగు మొత్తం లోపలికి పోదు. మామూలు గాజైతే దాదాపు 4 శాతం ఆ అంచు దగ్గరే వెనక్కి తిరిగిపోతుంది. గాలిలో ఒక వేగంతో, గాజులో మరో వేగంతో వెలుగు ప్రయాణిస్తుంది. ఆ వేగాల తేడా ఎంత ఎక్కువైతే వెనక్కి తిరిగే భాగం అంత ఎక్కువ. గీతలు పడకుండా ఎండోస్కోపుల కొనకు అమర్చే సఫైర్ కిటికీలో ఈ తేడా ఇంకా పెద్దది. అక్కడ ఒక్కో ముఖం దగ్గర 7 శాతానికి పైగా వెలుగు పోతుంది.

ఇప్పుడు గాలికీ గాజుకూ మధ్యరకమైన పదార్థాన్ని గాజు మీద పలుచగా పూశామనుకోండి. వెలుగు వెనక్కి తిరిగే చోట్లు రెండవుతాయి: పూత పై అంచు ఒకటి, కింది అంచు ఒకటి. వెలుగు అల గనక ఈ రెండు తిరుగు అలలూ కలుసుకుంటాయి. ఉయ్యాలను ఒకరు ముందుకు తోసే క్షణంలోనే మరొకరు అంతే బలంతో వెనక్కి తోస్తే అది కదలదు. పూత మందం సరిగ్గా కుదిరినప్పుడు జరిగేది అదే. ఒక అల పైకి లేచే చోట రెండోది కిందికి దిగుతుంది, రెండూ చాలావరకు రద్దవుతాయి. వెనక్కి పోవాల్సిన శక్తి మాయం కాదు, లోపలికి సాగే వెలుగులోనే చేరుతుంది. ఇలా జరగాలంటే పూత మందం, ఆ పదార్థంలో వెలుగు అల పొడవులో నాలుగో వంతు ఉండాలి. మెగ్నీషియం ఫ్లోరైడ్ పూతకు, ఆకుపచ్చ వెలుగుకు లెక్కేస్తే అది సుమారు 100 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో పదివేలో వంతు.

ఈ రహస్యాన్ని మొదట కాలమే బయటపెట్టింది. పాతబడి ఛాయ మారిన గాజు కొత్త గాజుకన్నా ఎక్కువ వెలుగును పోనిస్తోందని 1886లో లార్డ్ రేలీ గమనించాడు. 1892లో ఇంగ్లండుకు చెందిన లెన్సుల రూపకర్త డెన్నిస్ టేలర్ పాత లెన్సుల్లో అదే చూశాడు. గాలి తీసేసిన గదిలో పదార్థాన్ని ఆవిరి చేసి లెన్సు మీద పొరగా దించే పద్ధతిని 1935లో జర్మనీలోని జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా రూపొందించాడు. నేడు సిలికా, టైటానియం ఆక్సైడు, టాంటలం ఆక్సైడు వంటి పదార్థాలను ఒకదాని మీద ఒకటిగా పదుల పొరలు వేసి, ఏ రంగు లోపలికి పోవాలో, ఏ రంగు వెనక్కి తిరగాలో కోరినట్టు కుదురుస్తున్నారు.

ఇక్కడ ఒక లెక్క గమనించాలి. ఒకే పొర మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత మామూలు గాజు మీద పరావర్తనాన్ని 4 శాతం నుంచి 1.3 శాతం దగ్గరికి తెస్తుంది. అదే పొరను, అదే మందంతో, సఫైర్ మీద వేస్తే పరావర్తనం వెయ్యిలో ఒకటి రెండు భాగాలకు పడిపోతుంది. పూత మారలేదు, దాని కిందున్నది మారింది. పూత గుణం ఒక్క పూతలోనే లేదనడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు.

నాలుగు శాతం ఎలా పేరుకుంటుంది?

ఒక్క అద్దంలో 4 శాతం పోతే కంటికి తెలియదు. వరసగా పది లెన్సులుంటే ముఖాలు ఇరవై. ప్రతి ముఖం దగ్గర 4 శాతం పోతే చివరికి మిగిలేది 44 శాతం. అదే ప్రతి ముఖం దగ్గర అర శాతమే పోయేలా పూత వేస్తే 90 శాతం మిగులుతుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్ 1950ల చివర్లో సన్నని గొట్టంలో చిన్న చిన్న లెన్సులకు బదులు పొడవాటి గాజు కడ్డీలు పేర్చే ఎండోస్కోపును ఊహించాడు. 1960ల్లో కార్ల్ స్టోర్జ్ కంపెనీ దాన్ని తయారు చేసింది. ఆ పరికరం ఇచ్చిన వెలుతురులో గాజు కడ్డీల పాత్ర ఎంతో, వాటి చివరలకు వేసిన పూతల పాత్రా అంత ముఖ్యమైనది.

పోయిన వెలుగు కంటే దారి తప్పిన వెలుగు ఇంకా ప్రమాదం. ఒక ముఖం మీద తిరిగి, మరో ముఖం మీద మళ్ళీ తిరిగిన వెలుగు చివరికి సెన్సారు మీదే పడుతుంది. అసలు బొమ్మ మీద పలుచని తెల్లటి ముసుగులా, లేదా దీపపు నీడబొమ్మలా కనిపిస్తుంది. శరీరం లోపల దీపం, కెమెరా ఒకే కొన మీద కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. ఎదురుగా ఉండేది తడిగా మెరిసే చర్మమో, పన్నో. పన్ను మరీ కష్టమైన వస్తువు: పైన నిగనిగలాడుతుంది, లోపల పాక్షికంగా పారదర్శకం. జూరిచ్‌లో వెర్నర్ మోర్మన్, మార్కో బ్రాండెస్టీని రూపొందించగా 1985లో తొలిసారి రోగి మీద వాడిన సెరెక్ స్కానరుకు, ఆ మెరుపు తగ్గించడానికి పంటి మీద టైటానియం డయాక్సైడు పొడి చల్లాల్సి వచ్చేది. ఇప్పటి స్కానర్లలో చాలావాటికి పొడి అవసరం లేదు. పొడి చేసిన పనిలో కొంత భాగం ఇప్పుడు లెన్సుల మీద, వాటి పూతల మీద పడింది.

ఒక్క చూపులో: కేటలాగు పూత మనసులో పెట్టుకునే నాలుగు ఊహలు

1. వెలుగు ముఖం మీద నిటారుగా పడుతుంది.
2. పని జరిగేది గది వేడిమిలో, పొడి గాలిలో.
3. ముఖం వెడల్పుగా, చదునుగా ఉంటుంది.
4. కంటికి కనిపించే రంగులన్నీ సమానంగా ముఖ్యం.

నోట్లోకి వెళ్ళే పరికరంలో ఈ నాలుగూ తప్పుతాయి.

పరికరం పొట్టిదైతే కోణం పెరుగుతుంది

మొదటి ఊహ నిటారు వెలుగు. గొట్టం పొట్టిదయ్యేకొద్దీ, చూడాల్సిన మేర వెడల్పయ్యేకొద్దీ కిరణాలు వంపుగా ప్రయాణించక తప్పదు. అలా వంపుగా పడ్డప్పుడు పూత పనిచేసే రంగు మారిపోతుంది. కిరణం పొరలో ఎక్కువ దూరం నడుస్తుంది కాబట్టి పూత పొడవైన అలలకు, అంటే ఎరుపు వైపుకు, జరుగుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. జరిగేది దానికి వ్యతిరేకం. లెక్కలోకి వచ్చేది ఒక కిరణం నడిచిన దూరం కాదు, రెండు తిరుగు అలల మధ్య తేడా. లోపలికి వెళ్ళిన కిరణం తిరిగి బయటికి వచ్చేలోపు, పై అంచునే తిరిగిన కిరణం పక్కకు కొంత దూరం వెళ్ళిపోయి ఉంటుంది. దాన్ని తీసేస్తే మిగిలే తేడా నిటారుగా పడినప్పటికన్నా తక్కువ. అందుకే పూత నీలం వైపుకు జరుగుతుంది.

దీని పర్యవసానం పుచ్చును పట్టే కెమెరాలో బాగా తెలుస్తుంది. ఇలాంటి కొన్ని పరికరాలు పంటి మీద 405 నానోమీటర్ల ఊదా వెలుగు వేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పన్ను ఆకుపచ్చగా మిణుకుతుంది. పాతబడిన పాచిలో బాక్టీరియా తయారుచేసిన పార్ఫిరిన్లు ఎర్రగా మిణుకుతాయి. ఈ మిణుకు చాలా బలహీనమైనది. కాబట్టి ఊదా వెలుగును ఆపేసి మిగతా రంగులను పోనిచ్చే ఫిల్టరు సెన్సారు ముందుండాలి. నిటారు వెలుగుకు 430 నానోమీటర్ల దగ్గర తెరుచుకునే సాధారణ పొరల ఫిల్టరును తీసుకుందాం. అదే ఫిల్టరు 30 డిగ్రీల వంపులో దాదాపు 411 దగ్గరే తెరుచుకుంటుంది. ఎల్ఈడీ వెలుగు సరిగ్గా 405 దగ్గరే ఆగదు, అటూ ఇటూ కొన్ని నానోమీటర్లు విస్తరిస్తుంది. అంటే బొమ్మ మధ్యలో అంతా బాగుంటుంది, అంచుల్లో ఊదా వెలుగు చొరబడి మిణుకును కప్పేస్తుంది. అంచున పడ్డ పన్ను నిజంగా పుచ్చిందో, ఫిల్టరు అలా చూపిస్తోందో చెప్పలేం.

శస్త్రచికిత్సలో రక్తప్రసారాన్ని చూపించే ఇండోసయనిన్ గ్రీన్ రంగుతో పని ఇంకా ఇరుకు. దాన్ని వెలిగించే వెలుగు 800 నానోమీటర్ల దగ్గర, అది తిరిగి ఇచ్చే మిణుకు 830 దగ్గర. రెంటికీ ఎడం ముప్పై నానోమీటర్లే. వెలిగించే వెలుగును పది లక్షల్లో ఒక వంతుకు తగ్గించాలని ఫిల్టర్లకు షరతు పెట్టడం మామూలు. 815 దగ్గర తెరుచుకునే ఫిల్టరు మీద వెలుగు 20 డిగ్రీల వంపులో పడితే గడప 798 దగ్గరికి జారుతుంది. పది లక్షల్లో ఒక వంతు అన్న షరతు కాగితం మీదే మిగులుతుంది.

దారులు లేకపోలేదు. కిరణాలు దాదాపు సమాంతరంగా నడిచే చోటే ఫిల్టరును అమర్చవచ్చు. వెలుగును బాగా నెమ్మదింపజేసే పదార్థాలు ఎక్కువగా వాడి జారుడును తగ్గించవచ్చు. రంగును పీల్చుకునే గాజును పూతకు తోడు పెట్టవచ్చు, ఎందుకంటే అది పీల్చే రంగులు కోణంతో మారవు. అయితే ఇవన్నీ లెన్సుల అమరిక గీసేటప్పుడే తీసుకోవాల్సిన నిర్ణయాలు. అమరిక పూర్తయ్యాక పూతల తయారీదారు ఎంత నేర్పరి అయినా చేయగలిగింది కొద్దే.

ఆవిరి, తడి, వేడి

రెండో ఊహ పొడి గాలి. ఒక రోగి నోట్లోంచి వచ్చిన స్కానరు కొన మరొకరి నోట్లోకి వెళ్ళేముందు, క్రిములను చంపే ఆటోక్లేవులో 134 డిగ్రీల ఆవిరిని, వాతావరణ పీడనానికి దాదాపు మూడు రెట్ల ఒత్తిడిని భరించాలి. మామూలు ఆవిరి పద్ధతిలో దించిన పూతను సూక్ష్మదర్శినిలో చూస్తే అది సన్నని నిలువు స్తంభాల గుంపులా ఉంటుంది. స్తంభాల మధ్య ఖాళీల్లోకి తేమ చేరితే పూతలో వెలుగు వేగం మారి, అది పనిచేసే రంగు జారుతుంది. ఆటోక్లేవు గాలిని లాగేసి ఆవిరిని నెట్టే ప్రతిసారీ ఆ ఖాళీల్లోకి నీరు చొచ్చుకుపోతుంది. కొన్నాళ్ళకు అంచుల్లో పొర లేచిపోతుంది. పూత దిగుతున్నప్పుడే అయాన్ల ధారతో దాన్ని కొట్టి గట్టిపరిచే పద్ధతి, స్పట్టరింగ్ పద్ధతి ఈ ఖాళీలను బాగా తగ్గిస్తాయి. ఖర్చు ఎక్కువ, కానీ ఆవిరిని తట్టుకోవాల్సిన ముఖానికి ఆ ఖర్చు అవసరమైనదే.

స్కానరు కొనలో 45 డిగ్రీల వంపుతో కూర్చునే అద్దాన్ని చూడండి. వెండి పూత కనిపించే వెలుగును అల్యూమినియం కన్నా బాగా తిప్పుతుంది, కానీ గంధకం తగిలితే నల్లబడుతుంది. పైన గట్టి రక్షణ పొర లేకుండా అది ఆటోక్లేవుకు పనికిరాదు. లోహం లేకుండా పదుల పొరలతో చేసే అద్దం 99 శాతానికి పైగా తిప్పగలదు, కానీ కొన్ని రంగుల మేరకే, కొన్ని కోణాల మేరకే. అమర్చిన కోణం 45 అయినా కెమెరా చూసే మేరలో కిరణాలు 30 నుంచి 60 డిగ్రీల దాకా పడవచ్చు. అంచు కోణాల్లో ఎరుపు కొంచెం తగ్గినా పంటి ఛాయ తప్పుగా నమోదవుతుంది. ఆ ఛాయను నమ్మి చేసిన క్యాపు పక్క పళ్ళతో కలవదు.

చిన్న ముఖం మీద చిన్న లోపం

మూడో ఊహ వెడల్పైన, చదునైన ముఖం. లెన్సు ముఖం మీద అనుమతించే లోపాలను 60-40 వంటి జంట అంకెలతో రాస్తారు. ఇందులో రెండో అంకె గుంట వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది. 40 అంటే 0.4 మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్ల లెన్సుకు అది చిన్న మచ్చ. 2 మిల్లీమీటర్ల ఎండోస్కోపు లెన్సుకు అది వ్యాసంలో అయిదో వంతు. అలాగే పూత వేసేటప్పుడు లెన్సును పట్టుకునే చట్రం అంచున అర మిల్లీమీటరు మేర పూత పడకపోవడం పెద్ద లెన్సులో లెక్కలోకి రాదు. 2 మిల్లీమీటర్ల లెన్సులో అర మిల్లీమీటరు చుట్టూ పోతే పూత పడిన వైశాల్యం నాలుగో వంతే. బాగా వంపు తిరిగిన చిన్న లెన్సుల వాలు మీద పూత మధ్యలో కన్నా పలుచగా దిగుతుంది. పలుచనైతే మళ్ళీ నీలం వైపుకు జారుడే. పైగా పదుల పొరల పూత లోపల బిగువు ఉంటుంది. అర మిల్లీమీటరు మందం అద్దాన్ని అది వంచగలదు. వెనక ముఖానికి కూడా సమానమైన పూత వేసి ఆ వంపును సరిచేయవచ్చు, ముందే అనుకుంటే.

ఇంత శ్రమ అవసరమా?

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం ఖర్చు. కేటలాగు పూత చవక, వెంటనే దొరుకుతుంది, ఎన్నోసార్లు పరీక్షకు నిలిచింది. ఇది న్యాయమైన మాటే, దాన్ని కాదనకూడదు. లోపల మూసి ఉన్న, వెలుగు దాదాపు నిటారుగా పడే ముఖాలకు కేటలాగు పూతే సరైనది. ప్రత్యేకంగా చేయించాల్సినవి సాధారణంగా మూడు: బయటి కిటికీ, వంపు అద్దం, ఫిల్టరు. పూత గదిని సిద్ధం చేసి ఒక విడత నడపడానికయ్యే ఖర్చు, అందులో ఇరవై లెన్సులున్నా వందలున్నా దాదాపు ఒకటే. కాబట్టి ఒకే రకం గాజు, ఒకే పూత అనేక ముఖాలకు సరిపోయేలా మొదట్లోనే కూర్చుకుంటే ప్రత్యేక పూత భారం కూడా తగ్గుతుంది. ఆలస్యంగా కోరిన పూతే ఎక్కువ ఖరీదైనది.

రెండో అభ్యంతరం సాఫ్ట్‌వేరు. సెన్సార్లు సున్నితమయ్యాయి, మిగతాది కంప్యూటరు సరిదిద్దుతుంది కదా అంటారు. స్థిరంగా ఉండే రంగు తేడాను సాఫ్ట్‌వేరు నిజంగానే సవరించగలదు. దారి తప్పిన వెలుగు మాత్రం స్థిరంగా ఉండదు, ఎదురుగా ఏముందో దాన్నిబట్టి మారుతుంది. దాని సగటును తీసేసినా, వెలుగు కణాలు యాదృచ్ఛికంగా పడడం వల్ల వచ్చే గరుకుదనం బొమ్మలోనే ఉండిపోతుంది. బలహీనమైన మిణుకు ఆ గరుకుదనంలో మునిగితే దాన్ని ఏ లెక్కా వెలికితీయలేదు. తెల్లగా నిండిపోయిన చుక్కలో అసలు సమాచారమే ఉండదు.

మూడోది వినడానికి బాగుండే అభ్యంతరం: రోగుల ప్రాణాల విషయం కాబట్టి అన్ని ముఖాలకూ అన్నిటికన్నా కఠినమైన అంకె కోరితే పోలేదా? పోతుంది, పరికరమే పోతుంది. పరావర్తనం తగ్గాల్సిన రంగుల మేర వెడల్పు చేసేకొద్దీ ప్రతి రంగులోనూ మిగిలే పరావర్తనం పెరుగుతుంది. దాన్ని దించడానికి పొరలు పెంచితే బిగువు పెరుగుతుంది, పొర లేచిపోయే ప్రమాదం పెరుగుతుంది, తిరస్కరించే లెన్సులు పెరుగుతాయి. రంగులన్నీ సమానంగా ముఖ్యమన్న నాలుగో ఊహ తప్పేది ఇక్కడే: అవసరం లేని రంగుల్లో కఠినంగా ఉండటమంటే అవసరమైన ఆవిరి ముందు బలహీనపడటమే.

కోరిక పత్రంలో ఏముండాలి?

పూతల తయారీదారుకు ఇచ్చే మంచి కోరిక పత్రం అంకెతో కాక పరిస్థితితో మొదలవుతుంది. దీపం ఏది, దాని రంగు ఎంత మేర విస్తరిస్తుంది, సెన్సారు ఏ రంగులను చూస్తుంది. ప్రతి ముఖం మీద కిరణాల మధ్య కోణం ఎంత, అటూ ఇటూ ఎంత. కింద ఉన్న గాజు ఏది, అది ఎంత వేడికి ఓర్చుతుంది. మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత గట్టిపడాలంటే సుమారు 300 డిగ్రీల వేడి కావాలి, ప్లాస్టిక్ లెన్సు ఆ వేడికి నిలవదు. ఆటోక్లేవు ఎన్నిసార్లు? రోజుకు రెండుసార్లు చొప్పున 300 పనిదినాలు వాడితే 600 సార్లు. ఆ సంఖ్య రాయకపోతే పూత దాన్ని తట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. చివరగా పరీక్ష. అదే విడతలో పూత వేసిన సాక్షి గాజు ముక్కను ఆవిరి చక్రాలకు ముందూ తర్వాతా, పరికరంలో ఉండే కోణంలోనే కొలవాలి. నిటారుగా కొలిచిన కాగితం 45 డిగ్రీల అద్దం గురించి ఏమీ చెప్పదు.

ఈ మాట తెలుగు నేలకు దూరమైనది కాదు. విశాఖపట్నంలో ఏఎంటీజెడ్, హైదరాబాదు దగ్గర సుల్తాన్‌పూర్ పార్కు వైద్య పరికరాల తయారీ కోసమే వెలిశాయి. మచిలీపట్నంలో భారత్ ఎలక్ట్రానిక్స్ దశాబ్దాలుగా దృశ్య పరికరాలు తయారుచేస్తోంది. 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన వైద్య పరికరాల నియమాలు నాణ్యతకు ఆధారాలు చూపమంటున్నాయి. ఇక్కడ పరికరం గీసే ఇంజనీరుకు పూత గది సొంతంగా ఉండనక్కర్లేదు. తన పరికరం ఎక్కడికి వెళ్తుందో, ఏం చూడాలో, ఎన్నిసార్లు ఉడకాలో స్పష్టంగా రాయగలిగితే, పూత ఎక్కడ వేయించినా అది సరైన పూతే అవుతుంది. రాయలేకపోతే ప్రపంచంలోకెల్లా మంచి పూత గది కూడా తనకు తెలిసిన ఊహలతోనే ఆ ఖాళీలు నింపుతుంది. ఆ ఊహలు రోగి నోటికి సరిపోవు. అందుకే కోరిక పత్రం రాయడాన్ని కొనుగోలు విభాగానికి వదలకుండా, పరికరం రూపకల్పనలో మొదటి అధ్యాయంగా చూడాలి.